రివెట్‌కి ఆవలి చెయ్యి

మా నార్డాల్‌లో కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడేవాళ్ళు ఇద్దరే ఉన్నారని అందరూ అంటారు. అందులో ఒకణ్ణి నేను. రెండో మనిషి ఆర్డిస్ క్వామీ. తేడా ఏమిటంటే, నేను అడక్కపోయినా చెబుతాను, ఆమె అడిగితేనే చెబుతుంది. అందుకని నేను కనబడితే జనం పక్కకి తప్పుకుంటారు, ఆమెని ఏదైనా అడగాలంటే భయపడతారు.

నా పేరు డెల్మర్ ప్రూయిట్. నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేశాను. మా విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ మూలన, మొక్కజొన్న చేల మధ్య మాకో చిన్న ఎయిర్‌పోర్టు ఉంది. ఇళ్ళ దగ్గర సొంత చేతులతో విమానాలు కట్టుకునే పిచ్చివాళ్ళ సంఘం ఒకటుంది. పందొమ్మిది మందిమి. కట్టేవాళ్ళ షెడ్లకి వెళ్ళి, పని చూసి, తప్పులు చెప్పి రావడం అందులో నా వంతు. జీతం లేదు. కాఫీ, కేకు ముక్క పెడతారు. తప్పులు ఎక్కువ చెబితే మరుసటిసారి కేకు ముక్క చిన్నదవుతుంది. అయినా ఎవరి మొహమాటానికీ నేను తప్పుని ఒప్పు అనలేదు. ఒక్కసారి అన్నాను. ఆ ఒక్కసారి సంగతే ఇది. కానీ ఇది నా కథ కాదు, ఆర్డిస్‌ది.

ఆర్డిస్ ముప్ఫై ఒక్కేళ్ళు మా ఊరి పాల ఫ్యాక్టరీలో పనిచేసింది. ప్రతి రైతు పాలూ చిన్న సీసాలోకి తీసి, వెన్న ఎంతుందో, నీళ్ళు కలిశాయో లేదో చూసి కాగితం మీద రాయడం ఆమె ఉద్యోగం. మూడు పాయింట్ ఆరు ఉంటే మూడు పాయింట్ ఆరే. "ఏడు వెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది," అని బతిమాలినవాళ్ళున్నారు. క్రిస్మస్‌కి సాసేజీలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టినవాళ్ళున్నారు. సాసేజీలు తీసుకునేది, థాంక్స్ చెప్పేది, ఆరే వేసేది.

ఒకసారి సొంత అన్న లైల్ పాలలోనే నీళ్ళు తేలాయి. పాపం, అతను కావాలని కలపలేదు. పైపులు కడిగిన నీళ్ళు పూర్తిగా కారకముందే పాలు వదిలాడు. "మీ అన్నే కదా, ఈసారికి చూసీచూడనట్టు పో," అని మేనేజరే అన్నాడట. ఆర్డిస్ ఆ రోజు పాలన్నీ వెనక్కి పంపించింది. లైల్ నాలుగేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. థాంక్స్‌గివింగ్ పండగ నాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని, బంగాళదుంపల గిన్నె చెల్లెలికి అందించాల్సి వస్తే మధ్యలో ఉన్న తల్లి చేతికిచ్చేవాడు. ఆర్డిస్ ఆ నాలుగేళ్ళూ ఏమీ అనకుండా తల్లి చేతినుంచే గిన్నె అందుకుంది. తర్వాత అతనే మాట కలిపాడు.

ఆమె భర్త వెర్లిన్ నాకు చిన్నప్పటి స్నేహితుడు. స్కూలు బస్సు నడిపేవాడు. పైలట్ లైసెన్సు ఇరవై ఏళ్ళుగా ఉంది. రిటైరైన నెలలోనే విమానం కిట్‌కి ఆర్డరు పెట్టాడు. కిట్ అంతా ఒకేసారి రాదు. ముందు తోక పంపుతారు. తోక కట్టగలిగినవాడు రెక్కలు తెప్పించుకుంటాడు. కట్టలేనివాడి గరాజ్‌లో ఆ పెట్టె మీద పాత సామాన్లు పేరుకుంటాయి. మా కౌంటీలో అలాంటి పెట్టెలు నాకు తెలిసి ఐదున్నాయి.

"రెండు కార్లు పట్టే గరాజ్. రెండు కార్లూ బయట మంచులో, అయ్యగారి తోక మాత్రం లోపల వెచ్చగా," అని ఆర్డిస్ ఆదివారం చర్చిలో కాఫీ తాగుతూ అందరిముందూ అంది. వెర్లిన్ నవ్వి ఊరుకున్నాడు. వాడెప్పుడూ అంతే. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు, తను అనుకున్నది చేస్తాడు.

విమానంలో కదిలే పలకలు కొన్నుంటాయి. తోక దగ్గర చుక్కాని, ఎలివేటర్లు. రెక్కల చివర వెనక అంచున ఐలరాన్లు. విమానం పక్కకి ఒరగాలన్నా, ముక్కు ఎత్తాలన్నా ఇవే తిరగాలి. మిగతా విమానం ఊరికే మోస్తుంది, ఇవి మాట వింటాయి. వీటి రేకు మందం రెండు పోస్టుకార్డులు కలిపినంత ఉంటుంది. ఆ పల్చటి రేకుని లోపలి ఎముకలకి వందల రివెట్లతో, మెత్తటి లోహపు మేకుల్లాంటివాటితో, బిగిస్తారు. ఆ రివెట్లు వదులైతే పలక గాలిలో వణకడం మొదలెడుతుంది. ఒకసారి మొదలెట్టిందంటే ఊడిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట నిలబడి గాలితో కొట్టే తుపాకీని రివెట్ తల మీద ఆనించి పేలుస్తారు. రెండోవారు లోపలికి చెయ్యి దూర్చి, రివెట్ తోక మీద ఇనప దిమ్మ అదిమిపెడతారు. దెబ్బకి తోక దిమ్మ మీద అణిగి గుండ్రటి బిళ్ళ అవుతుంది. కొట్టేవాడికి కనబడేది తల ఒక్కటే. తల ఎప్పుడూ అందంగానే ఉంటుంది. లోపల తోక సరిగ్గా అణిగిందా, పక్కకి వాలిపోయిందా అన్నది దిమ్మ పట్టుకున్న మనిషి వేలితో తడిమి చెప్పాలి.

ఆ చప్పుడులో చెవులకి మూతలు పెట్టుకుంటారు కాబట్టి మాటలు వినబడవు. అందుకని దిమ్మతో తట్టి చెబుతారు. ఒక దెబ్బ తడితే బాగుంది, పద ముందుకి. రెండు తడితే ఇంకాస్త కొట్టు. మూడు తడితే చెడింది, తీసెయ్. వెర్లిన్ మేనత్త యుద్ధం రోజుల్లో బాంబర్లు కట్టే ఫ్యాక్టరీలో దిమ్మ పట్టింది. ఈ పద్ధతి వాళ్ళింట్లోకి ఆవిడ తెచ్చిందే.

మొదట్లో దిమ్మ పట్టడానికి పక్కింటి నార్బర్ట్ వచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులని అతను ఆరిజోనా వెళ్ళిపోయాడు. వారం రోజులు వెర్లిన్ ఒంటరిగా తుపాకీ ఒక చేత్తో, దిమ్మ ఒక చేత్తో పట్టుకుని తిప్పలు పడ్డాడు. ఆ వారం చివర్లో ఆర్డిస్ గుమ్మంలో నిలబడి చూసింది.

"పక్కకి జరుగు. ఆ లావు చేతులు పెట్టి రేకంతా వంకర చేస్తున్నావ్," అంది.

ఆమె చేతులు చిన్నవి. రెండు రేకుల మధ్య మణికట్టు దాటి లోపలికి పోతాయి. మొదటి సాయంత్రం వెర్లిన్ పన్నెండు రివెట్లు కొట్టాడు. ఆమె తొమ్మిదింటికి మూడేసి దెబ్బలు తట్టింది.

"తొమ్మిదీనా?" అన్నాడు వాడు మూతలు తీసి.

"నువ్వడిగావు, నేను చెప్పాను. పదోది కూడా అనుమానంగానే ఉంది."

ఆ తొమ్మిదీ డ్రిల్లుతో తీసి మళ్ళీ కొట్టాడు. ఆ సంగతి వాడే మా సంఘంలో పాన్‌కేకులు తింటూ గొప్పగా చెప్పుకున్నాడు. "మా ఇంట్లో దిమ్మ పట్టే మనిషి అన్న పాలే వెనక్కి పంపింది, నా రివెట్లెంత?" అని. చుక్కాని, ఎలివేటర్లు ఏడాదిన్నరలో పూర్తయ్యాయి. నేను వెళ్ళి అద్దం పెట్టి ప్రతి రివెట్టూ చూశాను. అంత శుభ్రమైన తోక మా కౌంటీలో ఇంకోటి లేదు. నేను తప్పు వెతకడానికి వెళ్ళి వెతికి వెతికి ఖాళీ చేతులతో వచ్చాను. ఆ రోజు ఆర్డిస్ కేకు ముక్క పెద్దదే పెట్టింది.

తర్వాత రెక్కలొచ్చాయి. ఎడమ రెక్క, దాని ఐలరాన్ ఒక చలికాలం పట్టాయి. కుడివైపు ఐలరాన్ మొదలెట్టేసరికి నాలుగో ఏడు ఏప్రిల్. ఆ రోజుల్లోనే వెర్లిన్ కప్పులో కాఫీ సగమే పోయించుకోవడం చూశాను. కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. నేను అడగలేదు. నోట్లో నువ్వుగింజ నానని నేనే అడగలేదంటే నాకు అప్పటికే అర్థమైందనే కదా.

ఆ నెలాఖర్లో వాడు నన్ను పిలిచాడు. ఐలరాన్ పై వరుస అయింది. అడుగు రేకు మూసేలోగా నేనొకసారి చూడాలి. మూసేశాక లోపల ఏమున్నా దేవుడికే తెలుస్తుంది. వెళ్ళాను. బయటినుంచి నలభై ఆరు రివెట్ తలలు ఒకే వరుసలో మెరుస్తున్నాయి. "బావుందిరా," అన్నాను. వెర్లిన్ మొహం విప్పారింది. టార్చీ వెలిగించి, పొడుగు కాడ ఉన్న అద్దం లోపలికి పెట్టాను.

నాలుగోది వాలి ఉంది. ఆరోది సగమే అణిగింది. తొమ్మిది, పది, పదకొండు వరసగా ఒకవైపుకి ఒరిగిపోయాయి. చివరిదాకా చూసి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. పదమూడు. ఇవి కొట్టేటప్పుడు దిమ్మ వెనక ఉన్న మనిషికి తెలియకుండా ఉండటానికి వీల్లేదు. ప్రతిదానికీ మూడు దెబ్బలు తట్టాలి. తట్టి ఉంటే ఇవి ఇక్కడ ఉండేవి కావు.

తలెత్తాను. ఆర్డిస్ కేకు పళ్ళెం పట్టుకుని వెర్లిన్ వెనక నిలబడి ఉంది. నా వంకే చూస్తోంది. తల అటూ ఇటూ ఒకసారి ఊపింది, వద్దని.

"ఏంరా, ఏమైనా ఉందా?" అన్నాడు వెర్లిన్. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

దొంగకి తేలు కుట్టినట్టు ఒక్క క్షణం నిలబడిపోయాను. తర్వాత, "ఏం లేదు. బావుంది. కాకపోతే రేకు ఇప్పుడే మూయకు, ఇంకో వారం ఆగు," అన్నాను.

"ఎందుకు?"

"నా పాత అద్దం మసకగా ఉంది. కొత్తది తెస్తా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేను కేకు తిని వచ్చేశాను. దారిలో రెండుసార్లు ట్రక్కు ఆపి వెనక్కి తిప్పుదామనుకున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. తిప్పలేదు.

శుక్రవారం మాజీ సైనికుల లెజియన్ హాల్లో చేపల వేపుడు ఉంటుంది. ఊరంతా వస్తుంది. ఆర్డిస్ ఒక్కతే వచ్చి రెండు పళ్ళేలు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోతోంది. వెర్లిన్ అక్కడికి రావడం మానేసి అప్పటికి నెల దాటింది. చెయ్యి వణికి ఫోర్కు పళ్ళేనికి తగిలి చప్పుడు చేస్తుందని. కారు దగ్గర ఆమెని ఆపాను.

"ఎన్ని చూశావ్?" అంది, నేను నోరు తెరవకముందే.

"పదమూడు."

"పద్నాలుగు. కొసన లోపలి ఎముక వెనక ఒకటుంది. నీ అద్దానికి అందదు."

నాకు కోపం వచ్చింది. "లెక్క కూడా పెట్టుకున్నావా? ఏమ్మా, నీకిదేం పోయేకాలం?"

"మొదటిది వాలినప్పుడు మూడు తట్టాను, డెల్మర్. తీసేసి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వాలింది. మళ్ళీ మూడు తట్టాను. 'నీ చెయ్యే కదిలిందేమో' అన్నాడు. నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా అన్లేదు. మూడోసారీ అంతే. తుపాకీ బల్ల మీద పెట్టి బయటికెళ్ళి మెట్టు మీద కూచున్నాడు. భోజనానికి రాలేదు. మర్నాడు పొద్దున కూడా గరాజ్ వైపు చూళ్ళేదు. మూడోరోజు వచ్చి మళ్ళీ తుపాకీ పట్టుకున్నాడు. ఆ చెయ్యి చూశాను. ఆ రివెట్టూ వాలింది. ఒకటే తట్టాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఒకటి తట్టడం అలవాటైపోయింది. ఎంత తొందరగా అలవాటవుతుందో నీకు తెలీదు. ఈల వేస్తూ పన్చేశాడు ఆ రోజు."

"ఈల వెయ్యడానికి కాదు కదా కట్టేది. రేపు వాడు అందులో ఎగురుతాడు."

"ఎగిరితే పక్క సీట్లో నేనుంటా."

"మతుండే మాట్లాడుతున్నావా?"

"ఉండే. అన్నీ ఆలోచించుకునే ఉన్నా. తను పడితే నేనూ పడతా. అందులో ఎవర్నీ మోసం చేసింది లేదు."

ఆ మాట ఆమె పాల శాతం చెప్పినంత మామూలుగా చెప్పింది. నా గొంతు పెరిగింది. "మీ ఇద్దరి సంగతి సరే! మీ తర్వాతో? విమానం కట్టినవాడితోపాటే చస్తుందా? మీరు పోయాక ఎవడో కొంటాడు. వాడు ఇంకొకడికి అమ్ముతాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవడో పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకుని అమ్మమ్మ గారింటికి బయల్దేరతాడు. వాడికి రివెట్ తలలు కనబడతాయి, బ్రహ్మాండంగా. లోపలేముందో ఎవరు చెప్తారు వాడికి? నువ్వు ఉండవు, నేనూ ఉండను."

ఆర్డిస్ పొట్లాలు కారు కప్పు మీద పెట్టింది. హాల్లోంచి ఎవరో బయటికొచ్చి మమ్మల్ని చూసి, పోట్లాట అనుకుని మళ్ళీ లోపలికి పోయారు.

"అది నాకు తట్టలేదు," అంది చివరికి. "మేమిద్దరమే అనుకున్నా." నా వైపు తిరిగి, "మరి నువ్వు అక్కడే చెప్పలేదేం? నేను తలూపితే ఊరుకునే రకమా నువ్వు? మీ బెవర్లీకి ఇంక నెలరోజులేనని డాక్టరు కన్నా ముందు నువ్వే చెప్పావని ఊరంతా చెప్పుకున్నారు."

"అందుకే," అన్నాను.

నా భార్య బెవర్లీ సంగతి నేనెవరితోనూ మాట్లాడను. ఆ రోజు ఆర్డిస్‌కి చెప్పాను. జబ్బు సంగతి బెవర్లీ అడగలేదు, నేనే ఆమెకి చెప్పాను, నిజం చెప్పడమే మంచిదని. ఆ తర్వాత బతికిన మూడు వారాలూ ఆమె గోడవైపు తిరిగే పడుకుంది. నిజం చెప్పడంలో తప్పులేదు. ఎలా చెప్పాలో, పక్కన కూర్చుని ఎలా ఉండాలో నాకు చేతకాలేదు. చెప్పి, ట్రాక్టరు బాగుచెయ్యాలని వెళ్ళిపోయాను. ఇదంతా చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆర్డిస్ ఓదార్చలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా నిలబడి, "రేపు పొద్దున కాఫీ టైముకి రా. నేనే చెప్తా. నువ్వు కూచో చాలు. ట్రాక్టర్లున్నాయని వెళ్ళిపోకు," అంది.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఐలరాన్ బల్ల మీద ఉంది. వెర్లిన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆర్డిస్ ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. చుట్టూ తిప్పి మాట్లాడటం ఆమెకి రాదు.

"పై వరుసలో పద్నాలుగు రివెట్లు చెడ్డవి. నాకు అప్పుడే తెలుసు. బాగున్నాయని తట్టాను. డెల్మర్ కూడా చూశాడు. నేను వద్దంటే చెప్పలేదు."

నేను జేబులోంచి అద్దం తీశాను. వెర్లిన్ దానివంక చూడను కూడా చూడలేదు.

"అద్దం లోపలెట్టుకోరా. నాకు తెలుసు."

ఆర్డిస్ మొహంలో రంగు మారింది. "ఏం తెలుసు?"

"తుపాకీ అటూ ఇటూ పోతుంటే పట్టుకున్నవాడికి తెలీదా? నిటారుగా అణిగినదాని చప్పుడు వేరు, వంగినదాని చప్పుడు వేరు. కొట్టి, ఈసారి మూడొస్తాయి అనుకునేవాణ్ణి. ఒకటొచ్చేది. ప్రాణం లేచొచ్చేది." వాడు కుడిచెయ్యి జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది కాఫీ కప్పు అందుకోవడానికి కదిలినప్పుడల్లా వణికింది. "కానీ తర్వాత ఇంకోటి అనిపించింది. అన్న పాలే వెనక్కి పంపిన మనిషి నాకోసం అబద్ధం చెప్తోందంటే, నేనెంత జాలిగా కనబడుతున్నానో అని."

"జాలి కాదు," అంది ఆర్డిస్.

"మరేంటి?"

"భయం. ఆ తుపాకీ కింద పెడితే ఇంక నువ్వు కుర్చీలోంచి లేవవని. మా నాన్న ఆవుల్ని అమ్మేశాక లేచాడా? టీవీ ముందు కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. నువ్వూ అలా పోతే నేనేం చెయ్యను, వెర్లిన్?"

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె వాడి ముందు ఏడవడం అదే మొదటిసారి అని వాడు తర్వాత నాతో అన్నాడు. నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. లేచి వెళ్ళిపోవాలని కాళ్ళు పీకాయి. వెళ్ళలేదు. వెర్లిన్ స్టూలు ముందుకి జరుపుకుని ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. వణికే చేతిలో ఆమె చెయ్యీ వణికింది.

"ఊళ్ళో ఎవరికీ తెలీదనుకున్నా," అన్నాడు కాసేపటికి.

"అందరికీ తెలుసు," అన్నాను నేను. "చేపల దగ్గర నీ కుర్చీ ఖాళీగా ఉంటే ఎవడికి తెలీదురా?"

వాడు నవ్వాడు. ఆ నవ్వు ఎప్పటి నవ్వూ కాదు, కానీ నవ్వే.

విమానం కట్టే ప్రతివాడూ ఏ రోజు ఏం పని చేశాడో ఒక పుస్తకంలో రాసుకుంటాడు. సొంతంగా కట్టానని ప్రభుత్వానికి చూపించాల్సింది అదే. ఆర్డిస్ ఆ పుస్తకం తెచ్చి, ఏప్రిల్ పేజీ తీసి, తన చేత్తో రాసింది: "కుడి ఐలరాన్ పై వరుసలో పద్నాలుగు రివెట్లు చెడ్డవి. తెలిసీ బాగున్నాయని చెప్పాను. ఆర్డిస్ క్వామీ." తర్వాత పుస్తకం నా ముందుకి తోసింది.

"నీది కూడా రాయి."

"నేనా?"

"బాగుందన్నావుగా."

రాశాను. "చూశాను. బాగుందన్నాను. బాగులేదు. డెల్మర్ ప్రూయిట్." నా జీవితంలో అంత కష్టపడి మూడు ముక్కలు రాయలేదు. వెర్లిన్ అది రెండుసార్లు చదివి, "ఇద్దరూ కలిసి నా విమానాన్ని పోలీసు స్టేషన్ చేశారు," అన్నాడు.

మే నెలలో నరాల డాక్టరు దగ్గరికెళ్ళారు. ఏదో పెద్ద జబ్బని ఇద్దరూ భయపడుతూ వెళ్ళారు. అది కాదట. చెయ్యి పనికి పెట్టినప్పుడు మాత్రం వచ్చే వణుకట. ప్రాణం తియ్యదు, పూర్తిగా పోదు. మందుతో కాస్త నెమ్మదిస్తుంది. విమానం నడపడం మాత్రం మానుకోవడం మంచిదన్నాడు. వెర్లిన్ వాదించలేదు. ఇంటికొచ్చి పైలట్ లైసెన్సు సొరుగులో పెట్టి, రోజంతా తోటలో రబార్బ్ మొక్కల చుట్టూ కలుపు తీశాడు. ఆర్డిస్ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. వాడు అమ్మేస్తానంటాడని ఎదురుచూసింది. సాయంత్రం చేతులు కడుక్కుంటూ వాడన్నది ఇంకోటి.

"ఆ ఐలరాన్‌ని బాగుచెయ్యడం కుదర్దు. అన్ని రివెట్లు తీస్తే రంధ్రాలు పెద్దవైపోతాయి. కొత్త రేకు, కొత్త ఎముక తెప్పించాలి."

"తెప్పించి? ఎవరు ఎగరడానికి?"

"డెల్మర్ అన్నాడని నువ్వే చెప్పావుగా, ఎవడో. పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకునేవాడు." చేతులు తుడుచుకున్నాడు. "కానీ నేను కొట్టను. నువ్వు కొట్టాలి."

ఆర్డిస్ నెలరోజులు పాత రేకు ముక్కల మీద తుపాకీ నేర్చుకుంది. మొదట్లో తుపాకీ జారి రేకు మీద నెలవంకలు పడ్డాయి. అరవై నాలుగేళ్ళ మనిషి, మోచేతులు నొప్పని గరాజ్‌లోనే ఐసు గడ్డలు కట్టుకుని కూర్చునేది. వెర్లిన్ పక్కన కూర్చుని "మణికట్టు కాదు, భుజంతో తొయ్యి" అని నసపెట్టేవాడు. "ఇంకోసారి భుజమన్నావంటే ఈ తుపాకీ నీ భుజానికే పెడతా," అని ఆమె అనేది. వాళ్ళ గరాజ్‌లోంచి అంత మాట్లాడుకోవడం నేను నాలుగేళ్ళలో వినలేదు.

కొత్త ఐలరాన్ మొదటి రివెట్ రోజు నన్ను రమ్మన్నారు. జూలై. గరాజ్ తలుపులు తీసే ఉన్నాయి. ఆర్డిస్ బయటివైపు తుపాకీ పట్టుకుని నిలబడింది. లోపలివైపు వెర్లిన్. వాడి లావు చెయ్యి ఆ రేకుల మధ్య బలవంతాన తోస్తేగాని పట్టదు. ఆర్డిస్ అంచులకి టేపు అంటించింది, అయినా మెటికల మీద తోలు లేచింది. మోచేతిని బల్లకి ఆనించి, ఐదు పౌన్ల దిమ్మని రివెట్ తోకకి అదిమిపెట్టాడు. అలా అదిమిపెట్టి ఉంచితే వణుకు చాలామటుకు ఆ బరువు కింద అణిగిపోతుంది. వాడేం చేస్తాడో అన్నదే నా భయం. నాలుగేళ్ళూ తనకి నిజం చెప్పి, చివరికి ప్రేమకొద్దీ అబద్ధం చెప్పిన మనిషి మొట్టమొదటి రివెట్ ఇది. బాగులేకపోతే వాడు ఏమంటాడు? వాడూ ఒకటే తట్టి ఊరుకుంటాడా?

తుపాకీ మోగింది. ఆగింది. రివెట్ తల చక్కగా, రేకుతో సమంగా ఉంది. ఆర్డిస్ వాడివైపు చూడలేదు. తలమీదే చూపు పెట్టుకుని నిలబడింది.

వెర్లిన్ దిమ్మ పక్కన పెట్టి వేలితో తడిమాడు. ఇంకోసారి తడిమాడు. దిమ్మ మళ్ళీ తీసుకోలేదు. చెయ్యి బయటికి లాక్కుని, బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికొచ్చి, ఆమె చెవి మీది మూత తన చేత్తో ఎత్తాడు. వేళ్ళు వణుకుతూ ఆమె జుట్టుకి తగులుతున్నాయి.

"బాలేదు ఆర్డిస్. వాలింది. తీసెయ్యాలి."

ఆర్డిస్ కళ్ళు మూసుకుంది. భుజాలు దిగాయి. ఏప్రిల్ నుంచీ ఆమె మోస్తున్న బరువేదో అప్పుడు దిగడం నేను కళ్ళారా చూశాను.

"హమ్మయ్య," అంది. డ్రిల్లు అందుకుంది.